ఆఫీసులో స్నాక్స్ తగ్గుతుంటే షేరు ఎందుకు పెరుగుతోంది? కంపెనీ షేర్లు అమ్మాలా, ఉంచాలా?

సుజాత_మణికొండ

నమస్కారం అందరికీ. నేను ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక అమెరికన్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్‌ని. కంపెనీ పేరు వద్దులెండి, ఆ రోడ్డు మీద ఉన్న అద్దాల బిల్డింగుల్లో ఏదో ఒకటి అనుకోండి. జీతంతో పాటు ఆర్‌ఎస్‌యూలు, అంటే కొంతకాలం పనిచేశాక మన పేరు మీదకి వచ్చే కంపెనీ షేర్లు, ఇస్తారు. మూడు నెలలకోసారి కొన్ని వెస్ట్ అయ్యి (అంటే నా సొంతమై) అమెరికా బ్రోకర్ అకౌంట్‌లో పడతాయి. పన్ను కోసం అందులో కొన్ని వాళ్లే అమ్మేస్తారు, మిగిలినవి అలా పోగవుతూ వచ్చాయి. మొన్న హోమ్ లోన్ టాపప్ కోసం బ్యాంకు వాళ్లు ఆస్తుల వివరాలు అడిగితే మా ఆయనా నేనూ కూర్చుని ఎక్సెల్ షీట్ వేశాం. పీఎఫ్, ఎఫ్‌డీలు, మ్యూచువల్ ఫండ్లు, బంగారం అన్నీ ఒక వైపు పెడితే, ఈ ఒక్క కంపెనీ షేర్లు దాదాపు వాటికి సమానంగా ఉన్నాయి.

నాకు అసలు అర్థం కానిది ఇది. ఆఫీసులో చూస్తే అన్నీ కోతలే. సాయంత్రం పునుగులు, సమోసాలు పెట్టే కౌంటర్ తీసేసి బిస్కెట్ ప్యాకెట్లు పెట్టారు. ఎవరైనా మానేస్తే ఆ సీటు ఖాళీగానే ఉంటోంది, పని మాత్రం మిగిలిన వాళ్లకు పంచుతున్నారు. కాంట్రాక్టు టెస్టర్లను ముందే పంపించేశారు. బెంగళూరు వెళ్లి రావాలన్నా ఇద్దరు పైవాళ్ల అప్రూవల్ కావాలి. ఇదంతా చూసి బయటికొచ్చి ఫోన్ తెరిస్తే షేరు కొత్త రికార్డు ధరలో ఉంటుంది! లోపలున్న మాకు కనిపించేది నిజమా, బయట మార్కెట్ చెప్పేది నిజమా?

ఇంట్లో తలా ఒక మాట. మా ఆయన ఇండియన్ సర్వీసెస్ కంపెనీలో చేస్తారు, క్లయింట్ ఒక అమెరికా బ్యాంకు. ఆయనేమో "ఏఐ టైంలో అమ్ముకుంటే తర్వాత ఏడుస్తావు" అంటారు. మా నాన్నగారు సూర్యాపేటలో రిటైర్డ్ టీచర్. ఫోన్‌లో కనిపించే షేరు మీద ఆయనకు నమ్మకం లేదు. "అమ్మేసి షాద్‌నగర్ వైపు ప్లాటు కొను తల్లీ" అంటారు. తెల్లాపూర్‌లో మా ఫ్లాట్ ఇంకా కడుతున్నారు, ఈఎంఐ మాత్రం మొదలైపోయింది.

ఇంకో టెన్షన్ కూడా చెప్పేస్తా. మా తమ్ముడు ఎస్ఆర్ నగర్‌లో హాస్టల్లో ఉండి అమీర్‌పేటలో ఏదో ఏఐ కోర్సు చేస్తున్నాడు. క్లాసులో కూర్చుని ఆప్షన్లు (షేర్ల ధర పెరుగుతుందా తగ్గుతుందా అని కాసే పందెం లాంటివి) కొంటున్నాడని వాడి రూమ్మేట్ చెప్పాడు. వాడికేం చెప్పాలి?

కర్రీపాయింట్_సత్తిబాబు

మేడమ్, నాకు షేర్ల సంగతి పెద్దగా తెలియదండి. మాది తణుకు దగ్గర. మాదాపూర్‌లో అయ్యప్ప సొసైటీ వైపు కర్రీ పాయింట్ నడుపుతున్నాను. కానీ "కళ్లకు కనిపించేది నిజమా" అన్నారు చూశారా, దాని మీద మాత్రం నేను మాట్లాడగలను.

మా కౌంటర్ దగ్గర నిలబడితే కంపెనీల పరిస్థితి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుందండి. మెడలో ట్యాగ్ రంగు చూస్తే ఏ కంపెనీయో తెలుస్తుంది. కొత్తగా చేరిన పిల్లలైతే గుంపుగా వస్తారు. రెండు పప్పులు, ఒక ఫ్రై, ఒక సాంబారు కట్టించుకుని హాస్టల్లో పంచుకుంటారు, అన్నం అక్కడే వండుకుంటారు. జీతాలు పెరిగినవాళ్లు చికెన్ అడుగుతారు. బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్నవాళ్లు మధ్యాహ్నం మూడింటికి, కూరలు అడుగంటాక తీరిగ్గా వస్తారు. మొహం చూస్తేనే తెలుస్తుంది, అడగనక్కర్లేదు.

2023లో ఆ కొత్త పిల్లల గుంపులు రాలేదండి. వర్షాకాలం మొదలైతే రావాల్సినవాళ్లు. ఆఫర్ లెటర్ చేతిలో ఉంది, జాయినింగ్ డేట్ ఇవ్వట్లేదు అని మా పక్క హాస్టల్ కుర్రాళ్లు చెప్పేవారు. నేను పప్పు గిన్నె సైజు తగ్గించాను. తర్వాత ఎప్పుడో పేపర్లో వచ్చింది, 2023-24లో టీసీఎస్‌లో 13 వేల మందికి పైగా, ఇన్ఫోసిస్‌లో దాదాపు 26 వేల మంది తగ్గారని. అంటే నా కౌంటర్ ముందే చెప్పిందన్నమాట. మా అమ్మాయి బీకామ్. దానికి గర్వంగా ఈ సంగతి చెబితే ఫోన్ తీసి ఐటీ కంపెనీల ఇండెక్స్ చూపించింది. అదే 2023లో నిఫ్టీ ఐటీ ఇరవై శాతానికి పైగా పెరిగిందట. నేను చూసింది అబద్ధం కాదు. కానీ దాన్ని నమ్ముకుని ఎవరైనా షేర్లు అమ్మి ఉంటే నష్టపోయేవారు.

2020 ఇంకా విడ్డూరమండి. లాక్‌డౌన్‌లో హాస్టళ్లన్నీ ఖాళీ, షట్టర్ దించి ఊరెళ్లిపోయాను. హైటెక్ సిటీ రోడ్ల మీద కుక్కలు తప్ప ఎవరూ లేరు. ఐటీ పని అయిపోయింది అనుకున్నాం మేమంతా. ఇంట్లో కూర్చుని పనిచేసిన ఆ పిల్లల కంపెనీల షేర్లు 2021 చివరికి రెండింతలు దాటి పోయాయి. రోడ్డు ఖాళీ అయితే కంపెనీకి కరెంటు బిల్లు, అద్దె, క్యాబులు మిగులుతాయని నాకెలా తెలుస్తుంది చెప్పండి.

అందుకే నేను చూసేదాన్ని ఎంత బియ్యం నానబెట్టాలో తేల్చుకోవడానికి వాడతాను. మంగళ, బుధ, గురువారాలు ఆఫీసుకి రమ్మంటున్నారు కాబట్టి ఆ మూడు రోజులు ఫుల్లు, శుక్రవారం సగం. డబ్బు మాత్రం ఒక చీటీ, మా అమ్మాయి పెట్టించిన ఇండెక్స్ ఫండ్ సిప్, అంటే మార్కెట్లో పెద్ద కంపెనీలన్నిటిలో కలిపి నెలనెలా కొంచెం. అంతేనండి.

సోమాజిగూడ_పాత_సబ్‌బ్రోకర్

సత్తిబాబు గారు సగం పని చేసిపెట్టారు. మిగతా సగం నేను చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

అమ్మా, నేను కాగితం షేర్ల కాలం నుంచి ఈ పనిలో ఉన్నాను. ట్రాన్స్‌ఫర్ డీడ్ మీద సంతకం కాస్త వంకరపోతే బ్యాడ్ డెలివరీ అని తిరిగొచ్చేవి. సోమాజిగూడలో మనకంటూ ఒక స్టాక్ ఎక్స్ఛేంజ్ ఉండేదని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. 1943లో పుట్టింది, 2007లో గుర్తింపు పోయింది. అది వేరే కథ.

ముందు మీ పునుగుల సంగతి. అవి తీసేసినందుకే షేరు పెరిగిందని కాదు గానీ, ఆ రెండూ ఒకే దారిలో ఉన్నాయి. మీరు ఆ కంపెనీలో ఇద్దరు మనుషులు. ఒకరు ఉద్యోగి, ఒకరు వాటాదారు. ఉద్యోగికి కోత పడితే వాటాదారుకు ఖర్చు తగ్గినట్టు. ఫేస్‌బుక్ వాళ్ల మెటా చూడండి. 2022 నవంబర్‌లో 11 వేల మందిని తీసేశారు, అప్పటికి షేరు 100 డాలర్ల లోపు ఉంది. 2023లో ఇంకో పది వేల మంది అన్నారు. ఆ ఏడాది ఆఖరికి షేరు 350 డాలర్లు దాటింది. లోపల ఉన్నవాళ్లకు అది భయంకరమైన ఏడాది, బయట ఉన్నవాళ్లకు పండగ. కాబట్టి క్యాంటీన్ చూసి అమ్మొద్దు, క్యాంటీన్ చూసి కొననూ వద్దు.

ఇక అసలు విషయం. మీరు షేర్ల గురించే అడిగారు గానీ నాకు మీ ఎక్సెల్ షీట్ మొత్తం కనిపిస్తోంది. మీ జీతం అమెరికా సాఫ్ట్‌వేర్ మీద. మీ షేర్లు అదే కంపెనీవి. మీ ఆయన జీతం అమెరికా బ్యాంకు సాఫ్ట్‌వేర్‌కి పెట్టే ఖర్చు మీద. తెల్లాపూర్ ఫ్లాట్ రేపు ఎవరు కొంటారు, ఎవరు అద్దెకుంటారు? మీలాంటివాళ్లే. అన్నీ ఒకే చోట ఆనుకుని ఉన్నాయి. మీ షీట్‌లో ఐదారు వరుసలు ఉండొచ్చు, నా లెక్కలో అది ఒకటే వరుస.

నాన్నగారు చెప్పిన షాద్‌నగర్ ప్లాటు కూడా అంతే, ఆయన ఏమీ అనుకోకపోతే. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) చుట్టూ భూమి ధర ఎక్కడి నుంచి వచ్చింది? 2021 కోకాపేట ప్రభుత్వ భూముల వేలంలో ఎకరం 60 కోట్లు అంటేనే నోరు వెళ్లబెట్టాం. 2023లో అక్కడే ఎకరం వంద కోట్లు దాటింది. ఆ డబ్బు వరి పండించి వచ్చింది కాదు. ఐటీ బాగున్నన్నాళ్లు ప్లాటు బాగుంటుంది. ఐటీ ఆగితే ముందు ఆగేది ప్లాట్ల అమ్మకమే. షేరైతే ఆ రోజు ధరకైనా అమ్ముడుపోతుంది, ప్లాటుకి కొనేవాడే రాడు. కొంటే కొనండి, కానీ డబ్బును వేరే చోట పెట్టామన్న లెక్కలో మాత్రం కొనకండి. లేఅవుట్‌కి ప్రభుత్వ ప్లానింగ్ సంస్థలు హెచ్‌ఎండీఏ గానీ డీటీసీపీ గానీ ఇచ్చిన అనుమతి ఉందో లేదో చూడకుండా అసలే కొనకండి.

ఒకే చోట ఆనుకుంటే ఏమవుతుందో నేను 2009 జనవరి 7న చూశాను. సత్యం కంప్యూటర్స్ అంటే అప్పట్లో ఏమిటో మీకు తెలియకపోవచ్చు. 53 వేల మంది ఉద్యోగులని కంపెనీ చెప్పుకునేది. న్యూయార్క్‌లోనూ లిస్టైన కంపెనీ. అంతకు కొద్ది నెలల ముందే మంచి కార్పొరేట్ నిర్వహణకి అవార్డు కూడా ఇచ్చారు. పెళ్లి సంబంధాల్లో "అబ్బాయి సత్యంలో" అంటే ఇంకేమీ అడిగేవారు కాదు. అంతకు ముందు డిసెంబర్ 16న, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను కొంటామన్నారు, అమెరికాలో షేరు ఆ పూటే సగానికి పైగా పడేసరికి రాత్రికి రాత్రి వెనక్కి తగ్గారు. అది మొదటి ప్రమాద గంట. జనవరి 7 పొద్దున రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన డబ్బులో 5,040 కోట్లు లేవని రాశారు. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు సాయంత్రానికి 40. మర్నాడు మొహర్రం సెలవు. తొమ్మిదో తేదీన ఒక దశలో పది రూపాయల కిందకి కూడా పోయింది.

మా ఆఫీసుకి ఆ వారం వచ్చినవాళ్లలో ఎక్కువమంది షేరు పోయిందని ఏడ్చినవాళ్లు కాదు. షేరు సగం పోతే తట్టుకునేవాళ్లే. కానీ ఈ నెల జీతం పడుతుందా తెలియదు, హోమ్ లోన్ కంతు ఆగదు, ఫ్లాట్ అమ్ముదామంటే పక్క ఫ్లాటాయన కూడా సత్యమే, ఆయనా అమ్మకానికి పెట్టాడు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా 58 రూపాయల చొప్పున వాటా కొనడంతో కంపెనీ నిలబడింది, 2013లో అందులో కలిసిపోయింది. 17 సత్యం షేర్లకి 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. ఉద్యోగాలు చాలావరకు నిలిచాయి, అది మన అదృష్టం.

మీ కంపెనీలో మోసం ఉందని నేను అనట్లేదు. మోసమే అక్కర్లేదు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్‌1బీ (అమెరికా ఉద్యోగ వీసా) దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు అని వాషింగ్టన్ నుంచి ఒక ప్రకటన వస్తే ఇక్కడ ప్రగతి నగర్‌లో శనివారం ఎవరికీ అన్నం సహించలేదు. దాని ముందు జూలైలో టీసీఎస్ 12 వేల మందిని తగ్గిస్తామంది. ఒక్కో వార్త ఒక్కో దిక్కు నుంచి వస్తుంది, తగిలేది మాత్రం మీ ఇంటికే.

కాబట్టి నా సలహా: ఇకమీదట పడే ప్రతి షేరూ పడిన వెంటనే, కంపెనీ అనుమతించే మొదటి రోజున అమ్మేయండి. కంపెనీ మీకు షేర్లకు బదులు అంతే డబ్బు బ్యాంకులో వేసిందనుకోండి. ఆ డబ్బుతో ఈ రోజు ధరకి ఇదే కంపెనీ షేరు కొంటారా? కొనను అనిపిస్తే, ఉంచుకోవడానికి కారణం బద్ధకం తప్ప ఇంకేమీ లేదు. వచ్చిన డబ్బులో ముందు ఒక ఏడాది ఈఎంఐ ఎఫ్‌డీలో పడేయండి. మిగిలింది దేశం మొత్తం కంపెనీలుండే ఇండెక్స్ ఫండ్‌లోకి. ఐటీ ఫండ్ మాత్రం వద్దు తల్లీ, చాలామంది అమెరికా షేర్లు అమ్మి అదే కొంటారు!

తమ్ముడికి ఉపన్యాసం ఇవ్వకండి. షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ లెక్క ఒక్కటి పంపండి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన చిన్న మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. ఆ తర్వాత వాడి బ్రోకర్ యాప్‌లో ప్రాఫిట్ అండ్ లాస్ రిపోర్టు డౌన్‌లోడ్ చేసి మీ ముందు తెరవమనండి. బ్రోకరేజీ, పన్నులు కలిపి చివర్లో ఉన్న అంకె. వాడు తెరవడు. అదే మీకు సమాధానం.

కొండాపూర్_కిరణ్

పెద్దాయన అనుభవానికి దండం. కానీ ఈ "వెంటనే అమ్మేయండి" అనే మాట హైదరాబాద్‌లో ఎంతమందిని ముంచిందో ఎవరూ చెప్పరు. మైక్రోసాఫ్ట్ ఇక్కడికి 1998లో వచ్చింది. మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయినప్పుడు షేరు 37 డాలర్ల దగ్గర. పదేళ్లకి 400 డాలర్లు దాటింది. వెస్ట్ అయిన రోజే అమ్మి కొండాపూర్‌లో డబుల్ బెడ్రూం కొన్న సీనియర్లు నాకు తెలుసు. ఆ షేర్లు ఉంచుకుని ఉంటే ఈ రోజు అలాంటి ఫ్లాట్లు కొన్ని కొనేవాళ్లు.

ఇంకొకటి. మీ లెక్కే మీకు అప్పజెబుతాను. కోతలు పెడితే షేరు పెరుగుతుందన్నారు కదా? అలాంటప్పుడు కంపెనీ షేరు ఉంచుకోవడమే ఉద్యోగికి ఇన్సూరెన్స్. నా ఉద్యోగం పీకితే నా షేరు పెరుగుతుంది. అమ్మేస్తే ఉద్యోగమూ పోయి, ఆ లాభమూ పోతుంది. సుజాత గారూ, మీ ఆయన చెప్పిందే కరెక్ట్.

సోమాజిగూడ_పాత_సబ్‌బ్రోకర్

కిరణ్ బాబూ, ఇన్సూరెన్స్ మాట బాగుంది. ఇంతవరకు ఎవరూ నన్ను ఆ కోణంలో అడగలేదు, అందుకే తొందరపడకుండా జవాబు ఇస్తున్నాను.

కంపెనీ బలంగా ఉండి, లాభం పెంచుకోవడానికి మనుషుల్ని తగ్గిస్తే మీరన్నది నిజం. కంపెనీ బలహీనపడి తగ్గిస్తే? 2024 ఆగస్టులో ఇంటెల్ దాదాపు 15 వేల ఉద్యోగాలు తీసేస్తామంది, అదే నోటితో డివిడెండ్ ఆపేస్తున్నామంది. మర్నాడు షేరు ఒక్క రోజులో 26 శాతం పడింది. ఉద్యోగం, షేరు రెండూ ఒకే వారంలో. మీ ఇన్సూరెన్స్ చిన్న జ్వరానికి డబ్బులిచ్చి, పెద్ద ఆపరేషన్‌కి చేతులెత్తేసే రకం. కోత రాకముందు మాది మొదటి రకమా, రెండో రకమా అని లోపలున్నవాళ్లకి తెలుస్తుందా? ఇంటెల్ వాళ్లు తెలివి తక్కువవాళ్లు కారు కదా. 2000లో 75 డాలర్ల దగ్గర తిరిగిన షేరు అది, 2024 ఆఖరికి 20 డాలర్లు.

మైక్రోసాఫ్ట్ కథ కూడా మీరు 2014 నుంచి మొదలుపెట్టారు. 1999 డిసెంబర్ నుంచి మొదలుపెట్టండి. అప్పటి ధర మళ్లీ చూడటానికి 2016 దాకా ఆగాల్సొచ్చింది. ఆ మధ్యలో పిల్లల ఇంజనీరింగ్ ఫీజులు ఆగవు. అదే కంపెనీ, అదే షేరు, ఏ ఏడాది చేరారన్నదే తేడా. ఆ కొండాపూర్ ఫ్లాట్ కొన్న సీనియర్లు ఇప్పుడు ఏడుస్తున్నారా? నాకు తెలిసినవాళ్లు హాయిగా ఉన్నారు, పార్కింగ్ గొడవ తప్ప వేరే బాధ లేదు వాళ్లకి.

అయినా ఒక మాట ఒప్పుకుంటాను. మొత్తం అమ్మేసి, తర్వాత పెరిగితే మొగుడూ పెళ్లాల మధ్య గొడవ. అందుకని అమ్మా, ఇంటి మొత్తం పొదుపులో పదో వంతు దాకా ఆ షేర్లు ఉంచుకోండి. మీ ఆయన మాట కూడా నిలబడుతుంది. సగం మాత్రం వద్దు.

లెక్కల_లావణ్య

హిమాయత్‌నగర్‌లో సీఏ ప్రాక్టీసు. షేరు పెరుగుతుందా తగ్గుతుందా అన్నది నా సబ్జెక్ట్ కాదు, పన్ను సంగతి చెబుతాను. ఐటీ వాళ్ల రిటర్నుల్లో ఎక్కువగా తడబడేది ఇక్కడే.

సుజాత గారూ, "అమ్మితే పన్ను పడుతుంది" అన్న భయంతోనే చాలామంది ఉంచేసుకుంటారు. అసలు పెద్ద పన్ను మీరు ఇప్పటికే కట్టేశారు. వెస్ట్ అయిన రోజు ధరను మీ జీతంలో కలిపి, మీ శ్లాబు ప్రకారం పన్ను పట్టుకున్నారు, ఫారం 16లో చూడండి. అదే ధర మీకు కొన్న ధర అవుతుంది. వెస్ట్ అయిన వారంలో అమ్మితే లాభం దాదాపు సున్నా, పన్నూ దాదాపు సున్నా. ఉంచుకుని పెరిగాక అమ్మితేనే కొత్త పన్ను. 24 నెలల లోపు అమ్మితే మీ శ్లాబు రేటు, అంటే మీకు 30 శాతం, పైన సెస్. 24 నెలలు దాటితే 12.5 శాతం. ఇండియాలో లిస్టైన షేర్లకు 12 నెలలే, అదీ 1.25 లక్షల దాకా మినహాయింపు ఉంటుంది. అమెరికా షేర్లకు ఆ మినహాయింపు లేదు. ఈ రెండూ కలిపేసి లెక్క వేసుకొచ్చేవాళ్లు ప్రతి జూలైలోనూ వస్తారు.

కాబట్టి పాత షేర్లను తేదీల వారీగా విడదీయండి. 24 నెలలు దాటినవి ముందు అమ్మండి. దాటడానికి రెండు మూడు నెలలే ఉన్నవాటికి ఆగండి. నష్టంలో ఉన్నవేవైనా ఉంటే అవి కూడా ఇదే ఏడాది అమ్మేయండి.

అమ్మిన డాలర్లు అక్కడే వదిలేయకండి. మళ్లీ పెట్టుబడి పెట్టకపోతే 180 రోజుల లోపు ఇండియాకి తెచ్చుకోవాలని ఫెమా (విదేశీ మారకం చట్టం) నియమం.

రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏ, అంటే విదేశీ ఆస్తుల పట్టిక, తప్పనిసరి. ఐటీఆర్-1 ఫారం వేస్తే అది ఉండదు, ఐటీఆర్-2 వేయాలి. అమ్మినా అమ్మకపోయినా, లాభం వచ్చినా రాకపోయినా, ఒక్క షేరున్నా చూపించాలి. చూపించకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా. స్థిరాస్తి కాకుండా విదేశీ ఆస్తుల మొత్తం విలువ 20 లక్షలు దాటకపోతే 2024 అక్టోబర్ 1 నుంచి ఆ జరిమానా లేదు. మీ షీట్ ప్రకారం మీవి ఖాయంగా దాటి ఉంటాయి. 2024 నవంబర్‌లో ఆదాయపు పన్ను శాఖ మెసేజ్‌లు పంపినప్పుడు మా ఆఫీసు ఫోన్ ఆగలేదు. విదేశాల నుంచి వాళ్లకి వివరాలు వస్తున్నాయి, దాచడమనే ప్రశ్నే లేదు.

డివిడెండ్ వస్తే అమెరికా వాళ్లు 25 శాతం పట్టుకుంటారు. దానికి ఇక్కడ కట్టే పన్నులో క్రెడిట్ తీసుకోవచ్చు, దానికి వేరే ఫారం ఉంది, మీ సీఏకి గుర్తు చేయండి.

ఒకటి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను, అపశకునం అనుకోకండి. అమెరికా పౌరులు, అక్కడి నివాసులు కానివాళ్లు చనిపోతే, వాళ్ల పేరున ఉన్న అమెరికా షేర్లు 60 వేల డాలర్లు దాటితే, దాటిన మొత్తం మీద అక్కడ ఎస్టేట్ ట్యాక్స్ ఉంది. 40 శాతం దాకా వెళ్తుంది. ఈ పన్ను మీద మనకీ వాళ్లకీ ఒప్పందం లేదు. 60 వేల డాలర్లంటే మణికొండలో టెస్టింగ్ లీడ్‌కి పెద్ద మొత్తమేమీ కాదు. సబ్‌బ్రోకర్ గారి సలహాకి ఇది ఇంకో కారణం.

సుజాత_మణికొండ

అందరికీ థాంక్స్. ఎస్టేట్ ట్యాక్స్ సంగతి చదివి మా ఆయనే ముందు అమ్ముదాం అన్నారు! నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో అడిగినా ఎవరూ చెప్పలేదు ఈ విషయం.

మా టీమ్‌కి రిజల్ట్స్ వచ్చాక రెండు రోజులకు ట్రేడింగ్ విండో (మమ్మల్ని షేర్లు అమ్ముకోనిచ్చే రోజులు) తెరుస్తారు. అప్పుడు రెండేళ్లు దాటినవన్నీ అమ్ముతాం. ఇకనుంచి కొత్తవి పడినప్పుడల్లా అమ్మడం. కిరణ్ గారూ, పదో వంతు ఉంచుతున్నాం, ఆ భాగానికి మా ఆయనదే బాధ్యత. నాన్నగారికి కోకాపేట వేలం సంగతి చెబితే "మరి యాదగిరిగుట్ట వైపు?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

తమ్ముడు రిపోర్టు తెరవలేదు. ఛార్జర్ ఇంట్లో మర్చిపోయాడట.

లావణ్య గారూ, ఒక డౌటు. ఈ మార్చి లోపే పాతవన్నీ అమ్మేస్తే, వచ్చే రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏలో ఏమీ చూపించక్కర్లేదా?

లెక్కల_లావణ్య

చూపించాలి. ఎఫ్‌ఏ ఆర్థిక సంవత్సరం లెక్కలో ఉండదు, జనవరి నుంచి డిసెంబర్ దాకా క్యాలెండర్ సంవత్సరం లెక్క. మీరు మార్చిలో అమ్మినా, అంతకు ముందు డిసెంబర్ 31తో ముగిసిన ఏడాదిలో ఆ షేర్లు మీ దగ్గరున్నాయి కాబట్టి ఈ రిటర్నులో వస్తాయి. మార్చిలో అమ్మినవి ఆ తర్వాతి రిటర్నులో కూడా వస్తాయి, ఎందుకంటే ఆ క్యాలెండర్ ఏడాదిలో కొన్ని నెలలు ఉంచుకున్నారు. ఏడాదిలో అత్యధిక విలువ, డిసెంబర్ 31 నాటి విలువ, అమ్మగా వచ్చిన మొత్తం, మూడూ రూపాయల్లో అడుగుతారు. డాలరు రేటు ఎస్‌బీఐ టీటీ బయింగ్ రేటు (బ్యాంకు డాలర్లు కొనే రేటు) తీసుకోండి. అమెరికా బ్రోకర్ సైట్‌లో లాగిన్ అయ్యి జనవరి 1 నుంచి డిసెంబర్ 31 వరకు స్టేట్‌మెంట్ ఇప్పుడే పీడీఎఫ్ తీసి పెట్టుకోండి. ఉద్యోగం మారితే ఆ లాగిన్ ఇబ్బంది పెడుతుంది.